కండక్టరు పట్టీ

కెమెరాతో వచ్చిన పట్టీ
నా మెడ వెనక కంపెనీ పేరు అచ్చుగుద్దింది.
బింగినపల్లి ఉప్పుకొఠార్లలో ఒక పూట నిలబడితే చాలు,
చెమటకి ఊరి, మంటై,
రాత్రి దిండు మీద
అక్షరం అక్షరం గుచ్చుకునేది.

బండెక్కితే ఇంకో తంటా.
ఉలవపాడు దాటాక గతుకుల్లో
బడికి పోనని మొండికేసిన పిల్లలా
డొక్కలో గుద్దుతూనే ఉంటుంది.
ఒక చెయ్యి దానికి, ఒకటి హ్యాండిల్‌కి,
"ఎక్కడున్నావమ్మా, పెళ్ళికూతురు కూర్చుంది" అని
మోగుతున్న ఫోనుకి చెయ్యి లేదు.

కందుకూరు బస్టాండు గోడవార
ఏసురత్నం చెప్పులు కుడతాడు.
గొడుగు కింద ఆయన, ఆయన కింద గోనె,
చుట్టూ తెగినవీ, రేపు తెగబోయేవీ.
నా మెడ చూసి నాలిక చప్పరించాడు.
"మెడకి తలకాయ బరువే చాలమ్మాయ్.
ఇంకోటి తగిలిస్తే ఎట్టా?"

మేకు నుంచి దించాడొక తోలు పట్టీ.
కండక్టరు సంచిది.
టికెట్ల మిషన్లొచ్చిన ఏడు
కుట్టమని ఇచ్చిపోయిన మనిషి మళ్ళీ రాలేదంట.
సంచిని ఎలకలు తిన్నాయి.
పట్టీ జోలికి పోలేదు.
ఇన్నేళ్ళ చిల్లర మోసిన తోలు,
వాటి పళ్ళకి లొంగలేదు.

లోపలివైపు లారీ సీటు స్పాంజి,
దాని మీద మెత్తటి నేతగుడ్డ,
రెండు ఇనుప రింగులు, ఒక కొక్కెం.
"చెయ్యెత్తు. దించు. వంగు.
ఇప్పుడు ఎవరో తరుముతున్నట్టు నాలుగడుగులెయ్యి."
జాకెట్లు కుట్టే ఆమె కూడా
నన్నింత శ్రద్ధగా కొలవలేదు.

ఎడమ భుజం నుంచి కుడి తుంటికి
ఏటవాలుగా దిగింది పట్టీ.
దారం కొస పళ్ళతో తెంపి నవ్వాడు:
"ఇట్టా వేసుకోవడం కొందరికి పుట్టుకతో వచ్చుద్ది.
నీకు నేనేశా.
మంత్రం లేదు. నూట ఎనభై ఇవ్వు."

ఆ వారమే రామాయపట్నం రేవులో
అలివి వల లాగుతున్నారు.
పరిగెత్తాను. కెమెరా ఊగలేదు,
తుంటిని అంటుకుని నాతోనే వచ్చింది,
అడిగితే చేతిలోకి జారింది, వదిలితే వెనక్కి పోయింది.
అప్పుడు తెలిసింది
నా రెండు చేతులూ ఖాళీ అని.
నాకంటే ముందే కనిపెట్టింది తాడు పట్టుకున్న ముసలామె:
"చూస్తా నిలబడ్డావేంది మే, పట్టు!"
పట్టాను.
ఆ పూట వల నిండా నెత్తళ్ళు,
కార్డులో ఒక్క బొమ్మ లేదు.
అరచేతుల్లో మాత్రం తాడు గీతలు.

మొన్న సింగరాయకొండ బస్సులో
పక్క సీటు పెద్దాయన
అడక్కుండానే పట్టీ మీద బొటనవేలు పెట్టి
కిందికి, కిందికి జరుపుతూ పోయి
ఒక చిన్న నొక్కు దగ్గర ఆగాడు.
పంచింగు మిషన్ వేలాడిన చోటేమో.
నాదీ అనలేదు.
నేనూ అడగలేదు.

"మాలకొండయ్యా, దిగాల్సింది టంగుటూరా?" అని
ముందు నుంచి ఎవరో కేకేస్తే
ఊఁ కొట్టి నాతో అన్నాడు:
"తోలు మంచిది. ఒకే భుజానికి అలవాటు చెయ్యబాక.
పొద్దున ఒకటి, మాపున ఒకటి మారుస్తా ఉండు."
ఆయన ఎడమ భుజం
కుడిదానికంటే రెండంగుళాలు కిందికుంది.

కందుకూరు కూడా ఈమధ్యే భుజం మార్చింది,
ప్రకాశం నుంచి నెల్లూరుకి.
ఆ మాటే చెప్పి నవ్విద్దామనుకున్నా.
ఈలోపు ఎవరో అయిదొందల నోటిచ్చారు,
కండక్టరు కుర్రాడు "చిల్లర, చిల్లర" అని అరుస్తున్నాడు.
పెద్దాయన కుడిచెయ్యి
తనకి తెలియకుండానే తుంటి దగ్గరికి పోయి
లేని సంచిలో
వెతుకుతోంది.

కెమెరా చేతిలోనే ఉంది.
మూత తియ్యలేదు.
పట్టీ తల మీదుగా తీసి
కుడి భుజానికి మార్చుకున్నాను.