హాజరు

కోస్గి అవతల ఎండిన కుంటల
పూడిక తీస్తున్నం.
నేను మేట్‌ను. నా చేతిల మస్టర్ కాయితాలు,
మొగులమ్మ చేతిల గడ్డపార.

పొద్దు నెత్తి మీదికొచ్చినంక
తుమ్మ నీడకు కూసోని
జొన్నరొట్టెకు పచ్చికారం అద్దుకుంట
సముద్రం సంగతి తీసింది.
"రేవు కట్టనీకె పోయినప్పుడు జూసిన పిల్లా,
ఆ నీళ్లల్ల గూడ గుంపులే ఉంటయి."

కొంకణం దిక్కట. ఊరి పేరు నోరు తిరగలే ఆమెకు.
సముద్రంలకు బండల కట్ట పోస్తుండ్రి,
తెల్లారి మొదటి తట్ట ఎత్తేటాల్లకు
బూడిద వీపులు లేస్తుండెనట
తడిసిన గొంగడి తీరు.
"చేప గాదు, పాలిస్తది.
మన లెక్కనే ఊపిరికి పైకొస్తది"
అన్నడట పడవాయన.

"ఏదీ ఒంటిగ తిరగదు.
చేపల మందను నడుమల పెట్టి సుట్టు తిరుగుతయి,
గొర్లను దొడ్డికి తోలినట్టు.
వంతులేసుకొని తింటయి.
అన్ని జూసిన గాని
అండ్ల మేస్త్రి ఎవడో దొరకలే."
నవ్వబోతే రొట్టె గొంతుల పడి దగ్గింది.
నీళ్ల సీస అందిచ్చిన.

"ఈనినంక పిల్లను మొదటి గాలికి
తల్లి ఒక దిక్కు, ఇంకొకతి ఒక దిక్కు
ముక్కుతోని పైకెత్తుతయి.
మంత్రసాని ఎవ్వతని అడుగుతవేమో.
అందరు మంత్రసానులే."

ఆ తర్వాత చానసేపు మాట్లాడలే.
గడ్డపార మొనకు అంటిన మట్టిని
గోటితోని గీకింది.

"సచ్చిన పిల్లను గూడ మోసింది ఒకతి.
జారితే మునిగి మళ్ల ఎత్తుకునేది.
నాలుగు దినాలు.
గుంపంత దాని పక్కనే, మెల్లగ.
యాడికీ పోలే.
మా చెల్లె సవారమ్మ బిడ్డ
ఆ రేకుల గుడిసెల్లనే, జరమొచ్చి...
పూట సెలవిచ్చిండు మేస్త్రి, కూలి కోసి.
బొంద పెట్టొచ్చి
మాపటికి మళ్ల తట్టలు."

ఏమనాల్నో తెల్వలే నాకు.
ఫోన్ల ఎన్నడో చదివింది చెప్పిన:
ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఈల ఉంటదట అక్కా,
అదే దాని పేరు.
తప్పిపోతే ఆ ఈల ఏసే పిలుస్తయట.

"పేరా?" అన్నది.
"మూడేండ్లు ఆడ
'ఏయ్ పాలమూరు' అనే పిలిచిన్రు నన్ను.
ఇరవై మందిమి ఒక్కపారే తిరిగి సూసేది."

తెల్లారి హాజరు తీస్తున్న.
కుర్మయ్య. ఉన్న.
తిప్పమ్మ. ఉన్న, కండ్లు కనవడ్తలేవా?
మొగులమ్మ.

ఈల.
పళ్ల సందులకెల్లి, సన్నగ, సగం ఉత్త గాలే.
అందరు పకపక నవ్విన్రు.
ఆ గడిల ఏం రాయాల్నో తెలువక
పెన్ను పట్టుకొని ఆగిన.

అంతల
కుంట అవతలి గట్టు మీదికెల్లి
ఇంకో ఈల వచ్చింది.

సవారమ్మ.
ఆమె పేరు నేనింక పిలవనే లే.