రెండో తాళం

కంసాలి తరుగు తీస్తాడు,
ధాన్యం కాటాలో తరుగుంటుంది,
కత్తిపీట ముందు కూచుంటే వంకాయ తరుగు.
ఇన్ని తరుగుల మధ్య పెరిగినవాణ్ణి,
రాయగడలో పాత బళ్ళ బేరగాణ్ణి,
ఈ పసుపు బండి తరుగు మాత్రం
నా లెక్కకి అందలేదు.

షోరూంలో డెబ్బై రెండు లక్షలు.
గేటు దాటి రోడ్డెక్కగానే,
టైరుకి మట్టయినా అంటకముందే, పది పోయాయట.
పెళ్ళికొడుకు మెళ్ళో దండ నయం,
తెల్లారేదాకా వాసనుంటుంది.

భువనేశ్వరం నుంచి లారీ మీద వచ్చింది,
కాలు కింద పెట్టని జమీందారు బిడ్డలా.
పొట్నూరు జగ్గారావు కొన్నాడు.
నల్లరాతి క్వారీలు మూడు, మూతి మీద నవ్వు ఒకటి.
పేపరుమిల్లు మలుపులో మొదటి స్పీడు బ్రేకరు
దాని పొట్ట గీరింది.
టీ కొట్లో ఉన్న నాకు పళ్ళు జివ్వుమన్నాయి.
తర్వాతెప్పుడో నా పుస్తకంలో రాశాను:
కింద గీత, రెండు లక్షల పదివేలు.

అయిదేళ్ళు. మీటర్లో ఆరువేల నూట నలభై.
నా బొలేరో అంత దూరం రెండు నెలల్లో తిరుగుతుంది,
మునిగుడ సంతకి, గుణుపురం పెళ్ళిళ్ళకి,
ఎవరికో నొప్పులొస్తే బిసంకటక్ ఆసుపత్రికి.
తక్కువ తిరిగింది ఎక్కువ పలకాలి కదా.
"తిరగని బండికి సీళ్ళు ఎండిపోతాయి గురూ,
రెండు తగ్గించు" అన్నాడు ఫోన్లో విశాఖ కుర్రాడు.
తిరిగితే తరుగు. తిరక్కపోతే తరుగు.

ఒడిశా నంబరా? అయితే ఇంకో రెండు.
ఎన్వోసీ, మళ్ళీ పన్ను, ఆఫీసు చుట్టూ చెప్పులు.
పార్వతీపురం ఇక్కడికి గంటంపావు.
ఆ గంటంపావులో ఇనుము మారదు, రంగు మారదు,
ప్లేటు మీద రెండక్షరాలకి రెండు లక్షలు.
నాకేం కొత్త కాదు.
అక్కడ పెళ్ళిలో నోరు విప్పితే
"ఒడియా మావయ్యొచ్చాడు" అంటారు మేనత్త మనవలు.
ఇక్కడ తాసిల్ ఆఫీసులో నేను తెలుగు బాబుని.
అటూ ఇటూ కూడా
కొంచెం తగ్గించే కడతారు నా వెల.

ఆదివారం ఆదివారం ఇంజను తిప్పాలి,
లేకపోతే బ్యాటరీ చస్తుంది.
సరిగ్గా ఆ వేళకి జగ్గారావు వస్తాడు,
బావమరిది పాత స్కూటీ మీద.
క్వారీలు బ్యాంకు తీసుకుంది.
నవ్వు ఎవరు తీసుకున్నారో తెలీదు.
స్టీరింగు ముట్టడు. పక్కసీట్లో కూచుంటాడు,
హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని.
నేను తాళం తిప్పుతాను.
షెడ్డు రేకులు వణుకుతాయి,
దుర్యోధన బిసోయి మేకలు తాళ్ళు తెంపుకుంటాయి,
పిల్లలు గోడెక్కుతారు.
ఆ ఒక్క నిమిషం బండి ఇవాళే దిగినట్టుంటుంది.
పెట్రోలు నా ఖర్చే. ఎప్పుడూ అడగలేదు.

అదే షెడ్డులో పద్నాలుగేళ్ళ ట్రాక్టరు,
సీటు బదులు గోనెపట్టా, బానెట్ బదులు ఆకాశం.
కల్యాణసింగుపురం రైతొకడు కోడి కూతకి ముందే వచ్చి
నేను కొన్నదానికి పదిహేను వేలు పైనిచ్చి తోలుకుపోయాడు.
బేరమూ ఆడలేదు.
దుక్కి అదను దాటిపోతోందట.

చివరికి పందొమ్మిదికి తెగింది.
లారీ వచ్చింది. పలకలు వాల్చారు.
విశాఖ కుర్రాడు కాగితాలన్నీ చూసి చెయ్యి చాపాడు.
"రెండో తాళం?"
"పోయింది" అన్నాడు జగ్గారావు.
"డెబ్బై వేలు కోత."
"కోసుకో."

డెబ్బై వేలంటే
ఆ స్కూటీలాంటివి రెండొస్తాయి.
నేనేం మాట్లాడలేదు.
నాగావళి వంతెన మీద లారీ చిన్నదయ్యేదాకా
ఇద్దరం నిలబడ్డాం.
తర్వాత ఆయన కిక్కు కొడుతుంటే
చొక్కా జేబులో ఏదో గలగలమంది.
చిల్లర కాదు.
చిల్లర చప్పుడు నాకు తెలుసు.