ముప్పయ్యొకటి, ముప్పయ్యొకటి

వారమంతా నేను గుంటూరు మిర్చి యార్డులో కాటా గుమాస్తాని.
ముల్లు నడుమ నిలిస్తే
రైతు మొహం చూసి, ఏజెంటు మొహం చూసి
ఒకే మాట అంటాను: సరిపోయింది.
ఆ మాటకి యార్డులో ఎదురు లేదు.

ఆదివారం సాయంత్రం నల్లపాడు రైలు గేటు పక్కన
కబడ్డీ బరి దగ్గర సుద్దముక్క నాది.
యార్డు హమాలీలు ముప్పయ్యొకటి.
రైల్వే గ్యాంగు ముప్పయ్యొకటి.
ఆఖరి కూతలో నలుగురు మీద పడినా
ఈడ్చుకొచ్చి గీత మీద వేలు పెట్టాడు బాజీ.
విజిల్ ఊదాక కూడా లేవలేదు.
నేను బోర్డు వైపు తిరిగి, అలవాటున,
"సరిపోయింది" అన్నాను.
జనం మొత్తం నా మీద పడ్డారు.
సరిపోవడమేంటయ్యా, కప్పు ఒకటే కదా!

"ఇంకో అయిదు, అయిదు నిమిషాలు. ఇప్పుడే తేలిపోవాలి"
అంది రైల్వే వైపు.
వాళ్ళ బెంచీ మీద ఇంకా చొక్కా తడవని కుర్రాళ్ళు ముగ్గురు.
"వచ్చే ఆదివారం, మొదట్నించీ"
అన్నాడు మా అంకారావు.
తెల్లారుజామున నూట ఎనభై టిక్కీలు దింపొచ్చిన భుజం అది.
టీ బండి నాగూర్‌బీ కూడా ఆదివారమే అంది.
ఆమె న్యాయం ఆమెది, రెండు క్యాన్ల పాలది.

డ్రిల్లు మాస్టారు పున్నారావుగారు
టీవీలో చూసిన సంగతి ఎత్తుకున్నారు.
ఆస్ట్రేలియాలో కోడిగుడ్డులాంటి బంతితో ఆడతారట.
ఫైనల్ సమమైతే ఒకప్పుడు
అంత జనమూ ఇళ్ళకెళ్ళి, వారం ఓపిక పట్టి
మళ్ళీ వచ్చేవాళ్ళట.
ఇప్పుడు వాళ్ళూ అప్పటికప్పుడే తేల్చేస్తున్నారట.
"అంతమందికి ఆగే ఓపిక పోయిందంటే..."
అని, మిగతాది మింగి, విజిల్ తుడుచుకున్నారు.

నాకు తెలిసింది వేరే.
ఇరవయ్యేడేళ్ళ కిందట ఇదే బరిలో
ఇలాగే సమమై, మళ్ళీ ఆదివారం అనుకున్నాం.
అప్పుడు కూత నాది.
బుధవారం ఒక టిక్కీ జారి మోకాలి మీద పడింది.
ఆదివారం ఆట జరిగింది.
పేర్లు అవే, గీతలు అవే, నేను లేను.
దాన్ని "మళ్ళీ" అని ఎలా అన్నారో
ఇప్పటికీ నాకు అర్థం కాదు.

అలాగని అయిదు నిమిషాలకి ఓటేస్తానా?
యార్డులో తేమ అనీ తాలు అనీ
సరిగ్గా తూగిన బస్తాలోంచి కిలో తరుగు తీస్తాం.
తీసేది ఈ చెయ్యే.
అలిసిన ఊపిరిలోంచి లాగే ఆ అయిదు నిమిషాలూ
తరుగే.

చీకటి పడుతోంది. ఎవరో లారీ తిప్పి లైట్లు వేశారు.
"ఏమంటావు శేషగిరీ?" అన్నారు మాస్టారు.
నేను అనలేదు. నా మోకాలు అంది: ఇప్పుడే.

ఆ వెలుగులో దుమ్ము ఎర్రగా లేచింది.
తొమ్మిది నిమిషాలు ఎవరికీ ఏమీ రాలేదు.
అప్పుడు బాజీ కూతకెళ్ళి
నడిమధ్యలో దగ్గాడు.
వారం నాటి మిరప ఘాటు, గొంతులో ఏ మూలో దాక్కున్నది.
కూత తెగింది.
ముప్పయ్యొకటి, ముప్పయ్ రెండు.
ఎంత నెమ్మదిగా రాసినా రెండు రెండే.
అంకారావు నాతో మాట్లాడకుండా
మూడు రోజులు నా కాటాకి బస్తాలెత్తాడు.

తర్వాతి ఆదివారం ఎవరూ ఎవర్నీ రమ్మనలేదు.
యార్డు వాళ్ళు ఏడుగురూ వచ్చారు.
గ్యాంగు వాళ్ళు నలుగురే.
కప్పు వాళ్ళ ఆఫీసులో, రిజిస్టర్ల బీరువా మీద ఉందట.
తక్కువైన ముగ్గురికి
నాగూర్‌బీ మనవడు ఒకడు, డ్యూటీ దిగిన గేట్‌మన్ ఒకడు.
మూడోవాడి కోసం అటూ ఇటూ చూసి
నన్ను పిలిచారు, రైల్వే వైపుకి.

సుద్దముక్క బోర్డు కింద పెట్టి
ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి
నేలకి దణ్ణం పెట్టుకున్నాను.
"గుమాస్తాగారూ, ఆ కాలు జాగ్రత్త"
అన్నాడు బాజీ గీత అవతల నుంచి.
అని, కూత అందుకుని
నేరుగా ఆ కాలి మీదికే వచ్చాడు.