నూట పద్నాలుగో సూది

పూణే నుంచి ఉత్తరం. నా పేరుకు కాదు, కాలేజీ పేరుకు.
కందుకూరులో ఆ కాలేజీ మూతపడి పన్నెండేళ్ళు.
పాత అటెండరు ఇల్లు తెలుసు గనక
పోస్టుమ్యాన్ ఖాజావలి తెచ్చి ఇచ్చాడు.

"మీ పెట్టెలోని నూట పద్నాలుగో సూది: కాటగ్లిఫిస్.
పొడుగు కాళ్ళు, ఎత్తైన నడుము కణుపు.
మాకు తెలిసినంతలో ఈ జాతి పడమటి ఎడారిది.
అక్కణ్ణించి మీదాకా మా పటం ఖాళీ.
మీ చీటీ మాత్రం అంటుంది:
చాకిచర్ల ఇసకతిప్ప, ప్రకాశం జిల్లా, ఏప్రిల్ 1979.
ఆ ఒక్క చుక్క ఉంచాలా, తీసెయ్యాలా?"

చాకిచర్ల ఇప్పుడు నెల్లూరు జిల్లా.
మొన్నటిదాకా ప్రకాశం. దానికి ముందు నెల్లూరే.
మళ్ళీ మారుతుందంటున్నారు.
ఊరు మాత్రం బెత్తెడు జరగలేదు.
చీమలకీ ఇదే యోగమని ప్రభుదాసు సారు నవ్వేవాడు.
ఒకడు పేరు పెడతాడు, ఇంకొకడొచ్చి
దాన్ని వేరే ప్రజాతికి బదిలీ చేస్తాడు,
మొదటివాడి పేరు బ్రాకెట్లో మిగులుద్ది.
చీమకు ఈ కబురు ఎవరూ చెప్పరు.

సారు నన్ను మిట్టమధ్యాహ్నమే తీసకపొయ్యేవాడు.
"మిగతా చీమలన్నీ బొక్కల్లో దూరినాక
ఒకటి బయటికొస్తుంది మస్తానయ్యా,
ఎండకు సొమ్మసిల్లిన పురుగుల్ని ఏరుకోను.
అడుగులు లెక్కపెట్టుకుంటది, సూర్యుణ్ణి చూసుకుంటది."
నేను గొడుగు పట్టేవాణ్ణి. గొడుగు సారుకు కాదు, సీసాలకు.

మే నెలలో గాలివాన.
లాబ్ కిటికీ ఊడొచ్చి పెట్టెల మీద పడింది.
సూదులు ఒక మూల, చీటీలు ఒక మూల, మోకాలి లోతు నీళ్ళు.
సారు ఒంగోలు ఆస్పత్రిలో.
రెండు రాత్రులు లాంతరు ముందు కూచొని
ఏ చీటీ ఏ చీమదో నేనే గుచ్చాను.
పదో క్లాసు తప్పినోణ్ణి.
జోధ్‌పూర్ స్నేహితుడెవరో సారుకు పంపిన చీమలు కూడా
ఆ పెట్టెలోనే ఉండేవి.

ఈ మాట సారుకు చెప్పలేదు.
పెట్టె చూసి ఆయన నా భుజం తట్టాడు కూడా.

మొన్న ఆటో మాట్లాడుకొని పొయ్యాను.
తిప్ప సగమే ఉంది, మిగతా సగం పోర్టు రోడ్డు కింద ఉంది.
నరికిన సర్వి మొద్దుల మధ్య
తుపాకుల పెంచలమ్మ ఎండుపుల్లలు ఏరుతోంది.
చీమ ఎట్టుంటదో చేతులతో చూపించాను.
"పిర్ర పైకెత్తుకొని ఉరికేదేనా?
మా నాయన దాన్ని టపాచీమ అనేవోడబ్బయా.
పొయ్యేటప్పుడు తాగినోడి మాదిరి అన్ని దిక్కులూ తిరిగిద్ది,
వచ్చేటప్పుడు దారం లాగినట్టు వచ్చిద్ది."
గుండె గబగబ కొట్టుకుంది.
"నువ్వు యాడ చూశావు?"
"నేనా? నేను చూళ్ళా. నాయన చెప్పేవోడు.
ఆయన మటుకు ఈడే ఉన్నాడా ఏంది,
ఉప్పు బస్తాలు మోస్తా దేశమంతా తిరిగినాడు."

ఒంటిగంట దాకా తిప్ప మీద కూచున్నాను.
చెప్పుల అట్ట మెత్తబడింది.
ఒకసారి ఇసక మీద ఏదో వెండిగీత జారింది,
ఎండేమో, కంటిలో పొరేమో.
డెబ్భై రెండేళ్ళ సాక్ష్యం ఏ పటానికి పనికొస్తుంది?

జవాబు మూడుసార్లు రాశాను.
తీసెయ్యండి అని. ఉంచండి అని.
మూడోదాంట్లో గాలివాన రాశాను, లాంతరు రాశాను,
టపాచీమ అని రాసి, అది పెట్టినోడి పేరు పెంచలమ్మను అడగనే లేదని
అక్కడ ఆగాను.

కవరు ఇంకా మూయలేదు.
గేటు బయట ఖాజావలి,
ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతూ నిలబడ్డాడు.
నేల కాలుతోంది.