కాకిబంగారం

సైదాపురం రోడ్డులో నా మోటారు వైండింగు షాపు.
కాలిన రాగితీగ వాసన, వార్నీషు వాసన,
నిమ్మకాయల లారీ పోతే కాసేపు ఆ వాసన.
అటక మీద, కెపాసిటర్ల డబ్బా పక్కన
అరచెయ్యంత మిషనొకటి
పదకొండు నెలలుగా తవ్వుతా ఉండాది.

"ఏందబ్బయా తవ్వేది?" అనింది రవణమ్మత్త,
కాలిపోయిన బోరు మోటారు ఆటోలోంచి దించతా.

లెక్క అత్తా.
గుడ్డిగా ఒక అంకె ఏస్తది,
గిలక్కొట్టి చూస్తది,
ముందర పంతొమ్మిది సున్నాలు పడాల.
పడకపోతే ఇంకో అంకె.
సెకనుకి లక్ష కోట్ల సార్లు.

"పడితే?"
పడితే ఈ వీధిలో ఎవురికీ అప్పుండదు.
"పడకపోతే?"
ఫ్యాను తిరగతా ఉంటది.

నలుగురితో కలిసి తవ్వొచ్చు,
రోజూ చిల్లర పంచుతారు.
నేను ఒంటిగానే దిగాను.
నా వంతు రావాలంటే, లెక్క ప్రకారం,
పదహారు వేల ఏళ్లు.
వకుళకి ఈ ముక్క చెప్పలేదు.
చెప్పకపోయినా తెలుసు. కరెంటు బిల్లు తనే కడతది.
"లాటరీ టికెట్టుకి ఫ్యానేంది?" అంటది,
ఆ ఫ్యాను వెనకే
పాప తడిసిన సాక్సులు ఆరేస్తది.

రవణమ్మత్త నవ్వలేదు.
పన్నెండో ఏట మైకా షెడ్డులో కూచున్న మనిషి.
కత్తి మొనతో రేకు చీలిస్తే
ఉల్లిపొరకన్నా పల్చన.
అన్నంలో మెరుపు, కొప్పులో మెరుపు,
చంటిబిడ్డ కనురెప్పల మీద మెరుపు,
కొంగు ముడిలో మాత్రం ఏమీ లేదు.
"గనిలో నీళ్లూరినా మేస్త్రీ ఒకటే మాట:
ఇంకో మూరెడు, ఇంకో మూరెడు.
నీ మిషనూ అంతేనా?"

కాదత్తా, దీనికి ఆ మూరెడు లేదు.
నిన్న ఓడిందాన్ని లెక్కలోకి తీసుకోదు.
మొన్న ఒక రాత్రి పదహారు సున్నాలు పడ్డాయి.
చిన్న తెర మీద ఆ అంకె చూసి
ఆకుపాకు నమలడం మర్చిపోయాను.
ఇంక మూడే కదా అనుకున్నా.
ఒక్కో సున్నాకీ పదహారింతల దూరం.
మూడు సున్నాలంటే
ఎంతో మీరే కట్టుకోండి.
తెల్లారి మళ్లీ మొదట్నుంచే.
మొదలంటూ కూడా లేదు దానికి.

అప్పుడడిగింది, బల్ల కింద
చీకట్లో మినుకుమనే నల్లపెట్టెని చూపించి:
"అదేంది మరి?"

అది చిట్టా.
మొట్టమొదటి పేజీ నుంచి
ఎవురు ఎవురికి ఎంతిచ్చారో మొత్తం.
మన ఊరి నెట్టుకి ఇరవై మూడు రోజులు పట్టింది దించను.
మధ్యలో ఎవురో పంది కోసం కంచె వేస్తా
కేబులు తెంపారు కూడా.
ఎక్కడో ఎవురికో బంగారం పడితే
అది నా దాకా వస్తది.
ఈ పెట్టె కూడి చూస్తది.
పైసా తేడా వస్తే తోసేస్తది,
ఎంత పెద్దోడిదైనా సరే.

రవణమ్మత్త స్టూలు మీద కూచునింది.
చానాసేపు మాట్లాడలా.

"షెడ్డులో తూకం అయ్యాక
గుమాస్తా పుస్తకంలో రాసుకునేవాడు.
నేను ఇంటికొచ్చి
పొయ్యి పక్క గోడకి బొగ్గుతో గీత పెట్టేదాన్ని,
గంపకొక గీత.
శనివారం నా గోడ నలభై ఒకటి అంటది,
ఆయన పుస్తకం ముప్పై నాలుగు.
గోడని మోసకపోలేం కదబ్బయా
వేలిముద్రేసి వచ్చేదాన్ని."

కరెంటు పోయింది.
ఫ్యాను ఆగిన నిశ్శబ్దంలో
షాపు ఒక్కసారి పెద్దదైపోయింది.
రోడ్డవతల నిమ్మతోటలో ఎవురో ఈల వేశారు.

కరెంటు వచ్చేసరికి ఆమె వెళ్లిపోయింది,
అడ్వాన్సు మూడొందలు బల్ల మీద పెట్టి.
పెట్టె మేలుకుని, పోయిన గంటలో
ఎవురెవురికి పడిందో వరసగా సరిచూసుకుంది:
ఆరుగురు. ఎవురూ మనోళ్లు కాదు.
అన్నీ సరిపోయినాయి.

రవణమ్మత్త మోటారు విప్పాను.
రసీదు పుస్తకంలో మూడొందలు రాసి,
సుద్దముక్క తీసుకుని
షట్టరు లోపలి వైపు
ఒక గీత పెట్టాను.