బక్కన్న చదివిన ముప్పైరెండు జతలు

ప్రాణహిత ఒడ్డున సిమెంటు దిమ్మె మీద
ఒక రేకు పెట్టె.
నీళ్ళెంత ఎత్తున ఉన్నాయో పావుగంటకోసారి చెబుతుంది.
సిరొంచలో, ఎరువుల కొట్టు మీది గదిలో,
నేను రాసిన ప్రోగ్రాము ఆ మాట వినాలి.
వినడం లేదు.

"ఎవరు నువ్వు?"
"నేను నేనే."
"నువ్వు నువ్వేనని ఎవరన్నారు?"
"నేనే అన్నాను."
అక్కడికి మాట తెగుతుంది.
రాత్రి తొమ్మిది నుంచీ ఇదే పంచాయితీ,
తెర మీద ఎర్రక్షరాల్లో.

తన సర్టిఫికెట్టు మీద తనే సంతకం పెట్టుకుంది పెట్టె.
పైన పెద్దమనిషి లేడు,
ఆ పెద్దమనిషికి హామీ ఉన్న మరో పెద్దమనిషీ లేడు.
నాకిది కొత్త కాదు.
మా నాయిన బడి కాగితం తెలుగులో ఉండేది.
తహసీలు ఆఫీసులో దాన్ని తలకిందులుగా పట్టుకుని చూసి
మరాఠీ చేయించుకు రమ్మన్నారు,
చేసినవాడి సంతకం కింద ఇంకొకడి సంతకం,
ఆ ఇంకొకణ్ణి ఎరిగినవాడి గుండ్రటి ముద్ర.
మూడు బస్సులు, రెండు రాత్రులు.
ఆయన ఆయనే అని తేలడానికి.

నాగపూర్ నుంచి ప్రఫుల్ల మెసేజ్:
తనిఖీ ఆపెయ్. ఒక్క లైను. పడుకో.
రాశాను ఆ లైను.
వేలు ఎంటర్ మీదే ఉంది.
నిజమే, పెట్టె మాట వింటుంది అప్పుడు.
పెట్టె గొంతు పెట్టి ఎవడు పిలిచినా వింటుంది.
నీళ్ళు అంకీసా దారి ఎక్కుతుంటే
"మోకాలి లోతే, నిద్రపొండి" అన్నా
తలూపుతుంది.
చెరిపేశాను.

జాడి బక్కన్నకు ఫోను.
గేజి కాపలా, ఇసుక లారీల నంబర్లు రాసే చెయ్యి.
"బక్కన్నా, పెట్టె అద్దంలో అంకెలున్నయ్,
బండి నంబర్లు చదివినట్టు చదువు."
ఆయన చదవలేదు.
"నువ్వు నువ్వేనని నాకేమెరుక?
గొంతు ఎవలైన చేస్తరు.
పోయిన నెల దిమ్మె మీద ఏం మరిచిపోయినవ్, చెప్పు."
"స్క్రూడ్రైవరు."
"పిడి?"
"ఎరుపు."
"ఆఁ. రాస్కో బిడ్డా."

సున్న ఎఫ్. ఏడు ఏ. సి సి.
మధ్యలో దగ్గు,
నాకు తెలిసిన దగ్గే, మూడు మెట్లు దిగి ఆగే దగ్గు.
రేకు మీద వాన.
తొమ్మిది డి. నాలుగు ఒకటి.
నా తెర మీది జత ఒక్కొక్కటే వేలితో దాటుతున్నాను.
పందొమ్మిదో జత: "ఎనిమిది ఇ."
నా దగ్గర మూడు ఇ.

వేలు అక్కడే ఆగిపోయింది.
ఎవడో నది మధ్యలో నిలబడి
పెట్టె మొహం పెట్టుకున్నాడా?
"ఇంకోసారి చూడు బక్కన్నా."
తువ్వాల చప్పుడు, ఒక చిన్న తిట్టు.
"పురుగు, బిడ్డా.
మూడు నోరు మూసి కూసున్నది. లేచిపోయింది.
మూడే. మూడు ఇ."

మిగతా పదమూడు నింపాదిగా.
ముప్పైరెండూ కలిశాయి.
ఆ సర్టిఫికెట్టును ప్రోగ్రాము పక్కనే దాచి
కొత్త లైను రాశాను:
ఈ మొహం ఒక్కటే. ఇంకెవరొచ్చినా తలుపు తియ్యకు.

నాలుగు పాయింటు ఏడు మీటర్లు, అంది పెట్టె.
అయినా అడిగాను,
"కొయ్య మీద రంగు గీతలు ఎంత చూపిస్తున్నయ్?"
టార్చి వెలిగిన టిక్కు.
"నాలుగూ డెబ్బై. నీ డబ్బా అబద్ధమాడదు.
ఇది ఎన్నాళ్ళు నడుస్తది?"

"ఏడాది. తర్వాత కొత్తది పుట్టించాలె, మళ్ళా చదవాలె."

"మళ్ళా గీ వానలల్లనేనా!
చలికాలం పుట్టించరాదూ,
పురుగులుండవు."