పన్నెండో పలక

ఫ్రీమాంటిల్ జెట్టీ కింద
పద్దెనిమిది పలకలు వేలాడదీశాను.
బడిపిల్లల పలకలంతే ఉంటాయి,
ఒక్కోదానికి ఒక్కో పూత.
వాటి మీద సముద్రం ఏం రాస్తుందో
నెలకోసారి పైకి లాగి చదవడం నా ఉద్యోగం.

సముద్రానికి వచ్చింది సున్నా చుట్టడమొక్కటే.
బార్నకిల్ అంటారు ఆ సున్నాని.
తెల్లటి గుల్ల, చొక్కా గుండీ అంత.
తలని గోడకి అతికించుకుని
బతుకంతా కాళ్ళతో అన్నం తింటుంది.
ఉడుంపట్టు అంటాం గానీ
ఉడుమైనా ఎప్పుడో ఒకప్పుడు వదులుతుంది.

ఒక్కటైతే ఎవరికీ పట్టదు.
లక్ష పడితే
ఓడ గోనెసంచి తొడుక్కుని ఈదినట్టే.
ఇంజను రొప్పుతూ ఇంకో గుక్క నూనె తాగుతుంది,
పొగగొట్టం ఇంకాస్త నల్లగా దగ్గుతుంది.
అడుగున గుల్ల పడితే
ట్యాంకు గుల్ల, పైన గాలీ గుల్లే.
రిపోర్టులో ఇలా రాయను.
శాతం రాస్తాను, అంతే.

మూడో పలక ఎప్పుడూ అద్దమే.
రాగి కలిపిన రంగు. దాని మీద ఏదీ బతకదు.
దాని కింద బుట్టలో పెట్టిన ఆల్చిప్పలు కూడా
పోయిన డిసెంబరులో నోళ్ళు తెరిచి పడున్నాయి.
రంగుల కంపెనీ నుంచి వచ్చిన హాలరన్ గారు
పలకని తిప్పి తిప్పి మెచ్చుకున్నాడు.
బుట్ట చూపించాను.
ఆయన గడియారం చూసుకున్నాడు.

తాళ్ళు చూసే డైవర్ విడులిచ్‌కి అరవై నాలుగేళ్ళు.
"ఓడల అడుగులు గీకి ఇద్దరు కూతుళ్ళని చదివించాను,
నువ్వు గెలిస్తే నా పని పోతుంది" అంటాడు.
అంటూనే
ముడి రెండోసారి బిగిస్తాడు.

పన్నెండో దాంట్లో విషం లేదు.
చేమాకు మీద నీటిబొట్టులా
వచ్చింది వచ్చినట్టు జారిపోవాలని
ఏడాదిన్నర కూర్చుని కలిపిన పూత.
అక్టోబరులో నాలుగు. నవంబరులో ఏడు.
ఇవాళ భూతద్దం పెట్టి లెక్కేస్తే
అరవై ఒకటి.

కాసేపు ఏమీ రాయలేదు.
పక్కన గొర్రెల ఓడ ఎక్కించుకుంటోంది,
దాని వాసన, దాని అరుపులు.
ఊరికే, కోపంతోనే,
బొటనవేలితో పలకని తోశాను.
జారాయి.
పండిన కాయ తొడిమ వదిలినట్టు, చప్పుడు లేకుండా,
ముప్పై ఎనిమిది.
మిగిలిన ఇరవై మూడూ గోరుకి కూడా కదల్లేదు.
రెండు అంకెలూ రాసుకున్నాను,
ఒకదాని కింద ఒకటి.

రెండింటికి నైరుతి గాలి మొదలైంది.
ఈ ఊళ్ళో దాన్ని డాక్టర్ అంటారు,
ఎండకి వాడిన వాళ్ళని లేపి కూర్చోబెడుతుందని.
రేవు దాటి ఊళ్ళోకి వెళ్ళే డాక్టరు
ఇవాళ కూడా చేతులు కడుక్కోలేదు,
వేళ్ళ నిండా డీజిల్ వాసన.

"ఎన్ని?" నీళ్ళలోంచే అడిగాడు విడులిచ్.
"ఇరవై మూడు."
"నా కడుపుకి చాల్లే" అని నవ్వి
పలక అందుకుని
మునిగాడు.